లేసు గుడ్డ కింద పాట

ఆదివారం మధ్యాహ్నం మా వీధిలో కాకి కూడా అరవదు. మాంసం పులుసు, అందులో పెద్ద పెద్ద బంగాళదుంప ముక్కలు, వేడి అన్నం. తిన్నవాళ్ళు తిన్నచోటే వాలిపోతారు. శ్యామ్‌పుకుర్ పేటలో మా ఇల్లు బాగా పాతది. ఎర్ర గచ్చు, చెక్క పలకల కిటికీలు. ఎండాకాలం ఆ పలకలన్నీ దించేస్తే పట్టపగలే ఇంట్లో చీకటి. అర్ధరాత్రి తిరిగే దయ్యాల సంగతి నాకు తెలియదు. మా ఇంట్లోది మాత్రం భోజనాలయ్యాక వస్తుంది.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు గొంతు లేదు. థైరాయిడ్ ఆపరేషన్‌లో నరం దెబ్బతింది. అప్పట్నుంచి గుసగుసే. చేపలమ్మే ఆవిడతో బేరమాడినా గుసగుసే, మా ఆయనతో పోట్లాడినా గుసగుసే. "నువ్వు తిడుతుంటే రహస్యం చెబుతున్నట్టుంది సుచందా" అని ఆయన నవ్వుతారు. ఆయన గొంతు ఆయనకుంది గనక నవ్వొస్తుంది.

ఒకప్పుడు నేను పాడేదాన్ని. పాత టప్పా పాటలు, కీర్తనలు. పుట్టింట్లో పొద్దున్నే తలుపు తీసుకుని పాడితే వీధి చివర పాలవాడు సైకిలు ఆపేవాడు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన వారంలోనే మా అత్తయ్య హిరణ్మయీ దేవి నా హార్మోనియానికి తెల్లటి లేసు గుడ్డ అల్లి కప్పింది. ఎంత ముచ్చటగా ఉందో అని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆ గుడ్డ తియ్యాలంటే ఆవిణ్ణి అడగాలి. అడిగితే "ఇప్పుడెందుకులే అమ్మా" అనేది. కేకల్లేవు, తిట్లు లేవు. ఆ ఒక్క మాటతో పాతికేళ్ళు నడిపింది.

మా ఊళ్ళో టీవీ మీద, రేడియో మీద, ఫ్రిజ్ మీద లేసు గుడ్డ కప్పడం అందరూ చేసేదే. దుమ్ము పడకుండా అంటారు. మా అత్తయ్య లెక్క వేరు. ఏది నోరు విప్పేలా ఉందో దానికి ఒకటి అల్లేది. మధ్యాహ్నం భోజనమవగానే మంచం మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరించి, జర్దా వేసుకుని కిళ్ళీ బుగ్గన పెట్టి, దారం ఉండ ఒళ్ళో వేసుకునేది. కటుక్... కటుక్... అని ఆ వక్క చప్పుడు, తర్వాత ఆ జర్దా వాసన. దారం ఒరిసి ఒరిసి ఆవిడ ఎడమ చూపుడు వేలికి గాడి పడిపోయింది.

"ఈ ఇంటి కోడళ్ళందరూ నేర్చుకున్నారు, నేనూ నేర్చుకున్నాను" అని నా చేతికి ఓసారి సూది ఇవ్వబోయింది.

"నేను నేర్చుకోను" అన్నాను. ఆ సూదిని ఈ రోజుకీ ముట్టలేదు.

ఒకే ఒక్కసారి ఆవిణ్ణి అడక్కుండా పాడాను. కేబుల్లో వచ్చే చిన్న చానెల్ వాళ్ళు అరగంట కార్యక్రమానికి పిలిస్తే వెళ్ళి పాడొచ్చాను. మా మరిది లాల్టు, అంటే మా ఆయన చిన్నాన్న కొడుకు, అప్పట్లో ఇళ్ళకు డిష్‌లు బిగించేవాడు. వాడే మాకు కొత్తగా హార్డ్ డిస్క్ ఉన్న రికార్డర్ పెట్టాడు. ఆ కార్యక్రమం అందులో రికార్డు చేశాడు. మర్నాడే రికార్డర్‌కు లేసు గుడ్డ వచ్చేసింది. తర్వాత ఆ చానెల్ మూతపడింది. తర్వాత నా గొంతు పోయింది. తర్వాత అత్తయ్య పోయింది, అదే టీవీ గదిలో, అదే మంచం మీద. ఇప్పుడు ఈ లోకంలో నా గొంతు ఉన్నది ఆ నల్ల డబ్బాలో ఒక్కచోటే.

అందుకే అది చెడిపోవడం మొదలెట్టినప్పుడు నా ప్రాణం గిజగిజలాడింది.

మొదట్లో మధ్యాహ్నం పూట దానంతటదే ఆగి మళ్ళీ మొదలయ్యేది. తర్వాత బొమ్మ గడ్డకట్టి గళ్ళు గళ్ళుగా విడిపోయేది. చెయ్యి పెడితే పైన పెనంలా కాలుతోంది. చూస్తే మీద లేసు గుడ్డ. అత్తయ్య కర్మ అయ్యాక నేనే తీసి బీరువాలో పెట్టానే! మా ఆయనే పాత అలవాటుకొద్దీ కప్పుంటారనుకున్నాను. మళ్ళీ తీసి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి చీర కొంగుకు ముడేసుకున్నాను. మర్నాడు భోజనం చేసి గదిలోకొస్తే... గుడ్డ డబ్బా మీదుంది. నాలుగు మూలలూ సమానంగా సర్దుంది. తాళంచెవి నా కొంగునే ఉంది.

గదిలో జర్దా వాసన.

మా ఆయనకి చెబితే ముఖం పాలిపోయింది. "ఆ డబ్బా తీసి పారేద్దాం సుచందా. అమ్మకు ఇష్టం లేనట్టుంది."

"అందులో ఏముందో తెలిసే అంటున్నారా?"

"కొత్తది కొందాం."

"కొత్తదాంట్లో నా గొంతు పెట్టిస్తారా?" అని ఆయన చెవి దగ్గరకెళ్ళి మరీ అడిగాను. తల్లి బతికుండగా ఎదురు చెప్పని మనిషి, చచ్చాక చెబుతారా.

ఆ ఆదివారమే లాల్టుని పిలిపించాను. వచ్చీరాగానే రెండుసార్లు పులుసు పోయించుకుని, వేళ్ళు నాక్కుంటూ గదిలోకొచ్చాడు. సంచిలోంచి స్క్రూడ్రైవర్లు, మీటరు, కాసిని పాత విడిభాగాలు తీసి నేలమీద పరిచాడు.

"ఏమైందో చెప్పు వదినా. గట్టిగా చెప్పు, వినపడట్లా" అని కన్నుగీటాడు. వాడొక్కడే నా గొంతుమీద జోకులేస్తాడు. అందుకే వాడంటే నాకిష్టం.

"పళ్ళు రాలగొడతాను" అన్నాను గుసగుసగా.

"అమ్మో, భయమేసింది. సరే, విను. రోగం కనిపెట్టాలంటే ఒక్కో భాగం మార్చి చూడాలి. రెండు ఒకేసారి మారిస్తే తప్పెవరిదో తేలదు. ముందు కరెంటు చూద్దాం."

అడాప్టర్‌కు మీటరు పెట్టాడు. బాగానే ఉంది. మూత విప్పి లోపల దీపం వేసి చూపించాడు. రెండు కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బున్నాయి. "చూశావా, గుడ్డ కప్పి ఉడకబెట్టారు. గాలాడకపోతే ఇంతే. ఈ ఊళ్ళో సగం రికార్డర్లు లేసు కిందే చచ్చిపోతాయి వదినా, ఒట్టు." ఆ రెండూ తీసి కొత్తవి అతికాడు. వేశాడు. అప్పుడు కూడా ఆగిపోయింది.

"సరే, ఫ్యాన్ తిరగట్లేదు, అది చూద్దాం." లోపలున్న చిన్న ఫ్యాన్‌ని పైకెత్తాడు. ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

ఫ్యాన్ ఇరుసుకు తెల్లదారం చుట్టుకుని ఉంది. పోగులు చిక్కుపడటం నేను చాలా చూశాను. ఇది చిక్కు కాదు. కన్ను పక్కన కన్ను, వరస మీద వరస... అల్లిక. మూత స్క్రూలతో బిగించిన డబ్బాలో, ఒక్కో రెక్కకూ చిన్న తొడుగు అల్లుంది.

"ఇది... నువ్వేమైనా..." అన్నాడు లాల్టు.

"నాకు అల్లిక రాదు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు."

వాడు కత్తెర పెట్టి కోసేశాడు. ఫ్యాన్ తిరిగింది. డబ్బా వెలిగింది. వెలగ్గానే లోపల్నుంచి చప్పుడు మొదలైంది.

కటుక్... కటుక్... కటుక్...

"ఇదిగో, ఇదీ అసలు రోగం" అన్నాడు వాడు, కాస్త ధైర్యం తెచ్చుకుని. "డిస్క్ లోపల ముల్లు చదవలేక వెనక్కెళ్ళి కొట్టుకుంటోంది. రుజువు కావాలా? డిస్క్ తీసేసి డబ్బా వేస్తా. చప్పుడు పోయి, డబ్బా బుద్ధిగా నిలబడితే తప్పు డిస్క్‌దే."

వైర్లు లాగి డిస్క్‌ని చేతిలోకి తీసుకున్నాడు. డబ్బా వేశాడు. అది బుద్ధిగా నిలబడింది. డిస్క్ లేదని తెరమీద రాసి చూపించింది.

"చూశావా?" అన్నాడు.

కటుక్...

ఇద్దరం వాడి చేతిలోని డిస్క్ వంక చూశాం. దానికి వైరు లేదు, కరెంటు లేదు. దాని లోపల ఏమీ కదలడం లేదు.

కటుక్... కటుక్...

చప్పుడు మా వెనకనుంచి వస్తోంది. మంచం మీదనుంచి. మంచం మీద ఎవరూ లేరు. చుట్టిపెట్టిన పరుపు, దానిమీద దిండు. దిండు మధ్య మెల్లగా... మెల్లగా గుంట పడింది.

లాల్టు గొంతు కూడా నా గొంతులా అయిపోయింది. "వదినా... పోదాం పద."

నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ ఆ భయం కింద ఇంకోటుంది, అది పాతికేళ్ళ నాటిది. నా ఇంట్లో, నా పాట దగ్గర్నుంచి, నన్ను లేచి పొమ్మంటోంది ఆ చప్పుడు.

"డిస్క్ పెట్టు లాల్టూ."

"వదినా, నీకేమైనా..."

"ఇంకొక్కసారి తిరుగుతుందా తిరగదా?"

వాడు డిస్క్‌ని అరచేతిలో తిప్పి చూశాడు. "తిరగొచ్చు. ఒక్కసారి. చల్లగా ఉంచితే. కానీ డిస్క్‌ని వేరేచోట పెడితే ఈ రికార్డింగ్ రాదు, ఈ డబ్బాకే తాళం. ఇందులోంచే ఆడిస్తూ, ఆడుతున్నది ఆడుతున్నట్టు లాప్‌టాప్‌లోకి పట్టాలి. అరగంట ఆగకుండా. మధ్యలో ఆగిందా, అంతే సంగతి."

"పట్టు."

పాపం, పిరికివాడే గానీ చేతులు మంచివి. డిస్క్ మళ్ళీ బిగించాడు. మూత తీసే ఉంచాడు. ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు లాప్‌టాప్‌కి కలిపాడు. డిస్క్ మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పాడు. మా పాత ఇన్వర్టర్ మీద రికార్డర్ ఒక్కటే వేశాడు. ఫ్యాన్లు కూడా వేస్తే అది మోయదన్నాడు. నేను ఆ లేసు గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టి, నేలమీద వేసి, దానిమీద కూర్చున్నాను. ఇక కప్పమనండి చూద్దాం.

రిమోట్ నొక్కాను.

తెరమీద నేను. ఎర్రంచు తెల్లచీర, జడలో మల్లెపూలు. నోరు తెరిచాను. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. సిగ్గేం లేదు, ఏడ్చాను. ఇంత బాగుండేదా నా గొంతు!

మొదటి పాట సగంలో కరెంటు పోయింది.

టీవీ ఆరిపోయింది. తలపై ఫ్యాన్ ఆగిపోయింది. టేబుల్ ఫ్యాన్ ఆగిపోయింది. చీకట్లో లాప్‌టాప్ తెర ఒక్కటే మిగిలింది. అందులో నేను పాడుతూనే ఉన్నాను, చిన్నగా, దూరంగా. లాల్టు వేలితో డిస్క్ తాకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాలిపోతోంది వదినా. గాలి లేకపోతే అయిదు నిమిషాలు కూడా..."

గోడకు అత్తయ్య తాటాకు విసనకర్ర వేలాడుతోంది. దాని అంచుకీ లేసే. లాక్కొచ్చి డిస్క్‌కి విసరడం మొదలెట్టాను.

అప్పుడు వాసన వచ్చింది. జర్దా, తమలపాకు, సున్నం. ఎవరో పక్కనే కూర్చుని నములుతున్నంత దగ్గరగా. నా కింద గుడ్డ కదిలింది. ఒక మూల... మెల్లగా... లాగుతున్నారు. నేను బరువంతా దానిమీద వేశాను. తెరమీద నా ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోయింది. పాట తెగింది. మళ్ళీ అతుక్కుంది.

కటుక్... కటుక్...

నా ఎడమ చెవిలో, వెచ్చగా, ఊపిరితో సహా...

"ఇప్పుడెందుకులే అమ్మా."

లాల్టు కెవ్వుమన్నాడు. వాడికీ వినపడింది. వాడు గోడకు కరుచుకుపోయి కళ్ళు మూసుకున్నాడు. నేను విసరడం ఆపలేదు.

"ఇప్పుడే" అన్నాను. "ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? బతికున్నప్పుడు అడిగాను, ఇవ్వలేదు. ఇప్పుడు అడగను. చచ్చినా మిమ్మల్ని మీరు అనే పిలుస్తున్నాను, ఆ మర్యాద చాలు. పక్కకు జరగండి అత్తయ్యా, గాలి ఆడట్లేదు."

గుసగుసే. నాకున్నది అదే. కానీ ఆ గదిలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

గుడ్డ లాగడం ఆగింది. చెయ్యి నొప్పెట్టి మొద్దుబారిపోయింది, చెయ్యి మార్చి విసిరాను. రెండో పాట. మూడోది. నేను కూడా పెదాలు కదుపుతున్నాను, నా గొంతులోంచి గాలి మాత్రం వస్తోంది. ఆఖరి పాట మెల్లగా నడిచే కష్టమైన తాళం. బాగా నేర్చుకున్నవాళ్ళే తప్పిపోతారు. అప్పుడు గమనించాను.

కటుక్ చప్పుడు తాళం మీద పడుతోంది.

తొందర లేకుండా, తడబాటు లేకుండా. నేను సాగదీసినచోట ఆగుతోంది, నేను దిగినచోట దిగుతోంది. ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడే పడుతోంది. పాట తెలియని చెయ్యి అలా కొట్టలేదు. ఏళ్ళు సాధన చేసిన చెయ్యి అది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు వచ్చు" అన్నాను. "మీకు పాట వచ్చు! వచ్చి కూడా నా మీద కప్పారా?"

పాట అయిపోయింది. తెరమీద నేను చేతులు జోడించి నమస్కారం పెట్టాను. డిస్క్ ఒక్కసారి పెద్దగా కీచుమని, తిరగడం మానేసింది. కరెంటు వచ్చింది. మంచం మీద దిండు మామూలుగా, ఉబ్బెత్తుగా ఉంది.

"పడిందా?" అన్నాను.

లాల్టు మొదట్నుంచి చివరిదాకా ఆడించి చూశాడు. "పడింది వదినా. మొత్తం పడింది." ఇంకో మూడుచోట్ల కాపీలు దాచి పెట్టి, చచ్చిన డిస్క్‌ని సంచిలో వేసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. గంగలో పారేశానని సాయంత్రం ఫోన్ చేశాడు.

నేను గెలిచాను. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆ లేసు గుడ్డని దారం దారంగా విప్పేసి చెత్తలో వేశాను. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక కిటికీ పలకలన్నీ ఎత్తి నా పాట పెద్దగా పెడుతున్నాను. ఎదురింటి ముసలాయన నిద్ర మానుకుని అరుగుమీద కూర్చుని వింటున్నాడు. మా ఆయన కూడా మొన్న తలూపుతూ దొరికిపోయారు. పాట వింటూ నేను మంచం మీదే వాలతాను, అక్కడే కునుకు పడుతుంది.

ఒకరోజు కునుకులోంచి లేచేసరికి ఖాళీ రికార్డర్ డబ్బా మీద ఒక కొత్త లేసు ముక్క కనిపించింది. చిన్నది. వెడల్పు మూడు వేళ్ళు, పొడవు ఒక మూరకి తక్కువ. ఒక కొసన గుండీ, ఇంకో కొసన కాజా. రిమోట్‌కి అనుకున్నాను, సరిపోలేదు. కూజాకి అనుకున్నాను, చిన్నదైంది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాను. అప్పుడు అద్దం ముందుకెళ్ళి మెడ దగ్గర పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. ఆపరేషన్ మచ్చ ఒక్క నూలువాసి కూడా బయటికి కనపడకుండా కప్పేసింది.

గుండీ పెట్టలేదు. అక్కడే నిలబడి మొత్తం విప్పేశాను. మర్నాడు మళ్ళీ ఉంది. మళ్ళీ విప్పాను. రోజూ ఉంటుంది, రోజూ విప్పుతాను. అల్లే ఓపిక ఆవిడకుంటే విప్పే ఓపిక నాకుంది.

ఈ మధ్యాహ్నం కూడా పాట పెద్దగా పెట్టుకుని విప్పుతున్నాను. విప్పిన దారం చిక్కుపడకుండా ఎడమ చూపుడు వేలికి చుట్టుకుంటున్నాను. చుట్టిన ప్రతిసారీ దారం జారి ఒకేచోటికి వెళ్ళి కూర్చుంటోంది. ఏమిటా అని వేలిని కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. చర్మం మీద సన్నని గాడి. గట్టిపడి, నున్నగా, ఏళ్ళ నాటి గాడి.

పాట గొంతు ఇంకాస్త పెంచాను. నాకు అల్లిక రాదు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు.